రాడ్మన్‌తో వేగిన జట్లు



మీ ఊరి కబడ్డీ జట్టులోనో, వాలీబాల్ జట్టులోనో ఒకడుంటాడు. వాడు దిగితే ఆట మనదే. కానీ వాడు వేళకు రాడు, వచ్చినా చెప్పిన మాట వినడు, అంపైరుతో తగువు పెట్టుకుంటాడు. తీసేస్తే ఓడిపోతాం, ఉంచుకుంటే మిగతావాళ్ళు మొహం ముడుచుకుంటారు. రెండు భాషల పిల్లలు కూర్చునే నా తరగతిలో ఈ చిక్కు నాకు ఏటా ఎదురవుతూనే ఉంటుంది. అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఒకే మనిషి విషయంలో మూడు జట్లు ఈ చిక్కును ఎదుర్కొన్నాయి. ఆ కథ ఈ పూట మీకు చెబుతాను.

ఆ మనిషి డెన్నిస్ రాడ్మన్. 1961లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు డల్లాస్ విమానాశ్రయంలో నేల తుడిచే పని చేశాడు. 1986లో డెట్రాయిట్ పిస్టన్స్ జట్టులో చేరాడు. బుట్టలో బంతి వెయ్యడంలో అతను అంతంతమాత్రమే. గురి తప్పి వెనక్కి వచ్చే బంతిని రీబౌండ్ అంటారు చూడండి, అది ఎటు పడుతుందో ముందే పసిగట్టి అందుకోవడంలో మాత్రం అతనికి సాటి లేరు. 1991-92 నుంచి 1997-98 దాకా వరుసగా ఏడు సీజన్లు ఆ లెక్కలో అతనే మొదటివాడు.

డెట్రాయిట్ కోచ్ చక్ డాలీని రాడ్మన్ తండ్రిలా చూసుకున్నాడు. 1989, 1990లలో ఆ జట్టే విజేత. 1992లో డాలీ వెళ్ళిపోయాక అతను బాగా కుంగిపోయాడు. జుట్టుకు రోజుకో రంగు, ఒంటినిండా పచ్చబొట్లు, అలకలు, తగవులు అన్నీ ఆ తర్వాతివే.

1993లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకు మారాడు. అక్కడ అందరికీ ఒకే నియమం. ఆలస్యానికి జరిమానా, ఎదురు చెబితే సస్పెన్షన్. నిజం చెప్పాలంటే మా బళ్ళలో పద్ధతీ ఇదే. 1995లో కీలకమైన పోటీల మధ్య అతను జట్టుతో కలవకుండా, బూట్లు విప్పేసి నేలమీద చేరగిలబడ్డాడు. మరుసటి ఆటకు అతన్ని పక్కన పెట్టారు. ఆ ఏడు 82 మ్యాచ్‌లలో 62 గెలిచిన జట్టు, ఫైనల్‌కు ఒక మెట్టు కింద హ్యూస్టన్ చేతిలో ఓడిపోయింది. అక్టోబరులో విల్ పర్డ్యూ అనే ఆటగాణ్ణి తీసుకుని రాడ్మన్‌ను షికాగోకు ఇచ్చేశారు.

షికాగో బుల్స్‌కు రీబౌండ్లు పట్టేవాడు కావాలి. అయితే ఆ జట్టులోని స్కాటీ పిప్పెన్‌ను 1991లో ఇదే రాడ్మన్ తోసేస్తే గడ్డానికి కుట్లు పడ్డాయి! అందుకని యాజమాన్యం ముందుగా పిప్పెన్‌నూ, మైకేల్ జోర్డాన్‌నూ అడిగింది. వాళ్ళు సరేనన్నాకే తెచ్చుకుంది. శాన్ ఆంటోనియోలో అతనికి స్నేహితుడైన జాక్ హేలీని కూడా జట్టులో చేర్చుకున్నారు. ఆ సీజన్‌లో హేలీ ఆడింది ఒక్క మ్యాచ్. మరి ఎందుకు తీసుకున్నారో మీరే ఊహించుకోండి.

కోచ్ ఫిల్ జాక్సన్ తీరు వేరు. లకోటా అనే అమెరికా ఆదివాసుల్లో, అందరూ ఒక దారిన పోతే తాను ఎదురు నడిచే మనిషిని హెయోకా అంటారు. వాళ్ళలో అతనికీ ఒక చోటుంది. రాడ్మన్ అలాంటివాడేనని జాక్సన్ భావించాడు. ఆ ఏడు షికాగో 72 గెలిచి, 10 మాత్రమే ఓడింది. 1996, 1997, 1998 మూడేళ్ళూ విజేత.

అలాగని రాడ్మన్ మారలేదు. 1996లో రెఫరీని తలతో కుమ్మి ఆరు మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. 1997లో ఫొటోగ్రాఫరును తన్నినందుకు లీగ్ 11 మ్యాచ్‌లు దూరం పెట్టింది. 1998లో సీజన్ మధ్యలో సెలవడిగితే 48 గంటలు ఇచ్చారు. గడువు దాటినా రాకపోతే జోర్డాన్ స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చాడు.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. అటువంటివాణ్ణి షికాగో భరించగలిగిందంటే అక్కడ జోర్డాన్ ఉన్నాడు గనుక. రాడ్మన్ లెక్కచేసే మనిషి లేనిచోట అంత ఓర్పు చూపి ఉంటే జట్టే మిగిలేది కాదేమో. శాన్ ఆంటోనియోకూ నష్టమేమీ రాలేదు. 1999లో ఆ జట్టు మొదటిసారి విజేత అయింది. ఆ జట్టులో రాడ్మన్‌కు బదులుగా వచ్చిన పర్డ్యూ కూడా ఉన్నాడు.

2011లో రాడ్మన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న రోజున జాక్సన్ అతని పక్కనే నిలబడ్డాడు. డాలీ 2009లోనే కన్నుమూశాడు. తనకు తండ్రులైనవాళ్ళు అంటూ రాడ్మన్ ఆ ఇద్దరి పేర్లూ చెప్పి, సభలో అందరి ముందూ ఏడ్చాడు.