అండమాను పాటయు ఛాయాచిత్రమును

గ్రేట్ అండమానీయులలో పూర్వము ఎవని పాట వానిదిగా నుండెడిది. 1906 నుండి 1908 వరకు వారి నడుమ పరిశోధన గావించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్, 1922లో వెలువడిన తన గ్రంథమున ఈ సంగతిని వివరించెను. పురుషుడు విల్లు చెక్కుచునో, దోనె నడుపుచునో తన పాటను తానే కట్టుకొనెడివాడు. మనస్సునకు నచ్చువరకు దానిని కూనిరాగముగా తీసికొనెడివాడు. పిదప పల్లవిని ఒకరిద్దరు స్త్రీలకు నేర్పి, నాట్యము జరుగు రాత్రికై వేచియుండెడివాడు. నాడు డాలు ఆకారము గల కొయ్యపలకపై పాదముతో తాళము వేయుచు పాడెడివాడు. స్త్రీలు తొడలపై చరచుచు వంత పాడెడివారు. ఒకరు కట్టిన పాటను నాట్యవేళ మరియొకరు పాడెడివారు కారు. పాటకు కర్త ఒక్కడే. కాని అది పాట యగుటకు పదిమంది కావలెను.

ఈ జనుల నడుమకే మరియొక అన్వేషకుడు వచ్చెను. అతడు మారిస్ విడాల్ పోర్ట్‌మన్. 1858లో పోర్ట్ బ్లేరున, అనగా నేటి శ్రీ విజయపురమున, ఆంగ్లేయులు ఖైదీల స్థావరమును నెలకొల్పిరి. 1879లో పోర్ట్‌మన్ అక్కడ అండమానీయుల వ్యవహారములకు అధికారి యయ్యెను. అతడు 1888లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వారి సంగీతమును గూర్చి వ్యాసము ప్రకటించెను. 1890 తరువాతి సంవత్సరములలో బ్రిటిష్ మ్యూజియము కొరకు వారి ఛాయాచిత్రములు తీసెను. శాస్త్రమునకు స్పష్టమైన చిత్రములే కావలెననియు, మసక చిత్రములు పనికిరావనియు 1896లో వాదించెను.

ఆ చిత్రములలో కొన్నింట మనుష్యులు కొలతలకై గళ్ళ తెర ముందు నిలువబడియుందురు. కొన్నింట విల్లు మొదలగు పరికరములు చేయు విధము అంచెలంచెలుగా కనబడును. వానిని చూచునప్పుడు ఒక సందేహము మనస్సును విడువదు: విల్లు చెక్కుచున్న ఆ మనిషి పెదవులపై ఆ క్షణమున ఏ పాట యుండెనో! ఉలి దెబ్బ చిత్రమునకు చిక్కెను, కూనిరాగము చిక్కలేదు. చిత్రములు లండను చేరెను. చిత్రములలోని జనులు మాత్రము క్షీణించిరి. 1877లో తట్టు వ్యాపించి అనేకులను బలిగొనెను. 1901 జనాభా లెక్కలలో గ్రేట్ అండమానీయులు 625 మంది. 1961 నాటికి 19 మంది.

వంత పాడువారు కరవైన కాలమున భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బి అక్కడికి వెళ్ళెను. బో భాషను మాటలాడు చివరి వ్యక్తి బోవా సీనియర్ పాటలను, మాటలను ఆమె ధ్వనిముద్రణ చేసెను. తన భాషలో బదులు పలుకువారు లేక బోవా పక్షులతో మాటలాడెడిదని అబ్బి తెలిపెను. 2010 జనవరిలో బోవా మరణించెను. గ్రేట్ అండమానీయుల కథలును పాటలును అబ్బి కూర్చిన గ్రంథముగా 2021లో వెలువడెను.

పోర్ట్‌మన్ శ్రమను తృణీకరింపరాదు. అతని చిత్రములు లేకున్న ఎన్నో ముఖములు మనకు తెలియకపోయెడివి. అయినను ఒక భేదము కలదు. అతడు తాను కనుగొన్నదానిని దూరముననున్న పండితులతో పంచుకొనెను. అండమాను గాయకుడు తాను కనుగొన్నదానిని ముందుగా ప్రక్కనున్నవారికి నేర్పెను. భద్రపరచుట వేరు, పంచుకొనుట వేరు. బోవా కంఠము నేడు భద్రముగానే యున్నది. కాని పల్లవి నందుకొనువారు లేనిచో, ఎంత స్పష్టముగా వినవచ్చినను, అది సగము పాటయే.