పశువైద్యం చదవాలంటే: చదువులోనూ కొలువులోనూ ఎదురయ్యే కష్టాలు, మన పిల్లలకు ఉన్న బలం

ఏటా పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాక మన ఇళ్లలో ఒక మాట వినబడుతుంది: "ఎంబీబీఎస్ రాకపోతే పోనీ, వెటర్నరీ అయినా చేరిపోదాం." హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో, ఎక్కడున్నా మనవాళ్ల మాట ఇదే. ఆ "అయినా" దగ్గరే చిక్కు మొదలవుతుంది. పశువైద్యం డాక్టరు చదువుకు రెండో రకం కాదు. దాని కష్టాలు వేరు, దానికి కావలసిన మనిషి వేరు. పిల్లల్ని చేర్పించే ముందు పెద్దలు, చేరే ముందు పిల్లలు తెలుసుకోవలసిన సంగతులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

చదువు ఎన్నేళ్లు?

ఈ డిగ్రీ పేరు బీవీఎస్సీ అండ్ ఏహెచ్, అంటే పశువైద్యం, పశుసంవర్ధకం రెండూ కలిసిన పట్టా. భారత పశువైద్య మండలి నియమాల ప్రకారం మొత్తం ఐదున్నర ఏళ్లు. అందులో నాలుగున్నర ఏళ్లు తరగతులు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాది కాలేజీ ఆసుపత్రిలో, పల్లెల్లోని పశువైద్యశాలల్లో, డెయిరీ, కోళ్ల ఫారాల్లో పని చేయాలి. పట్టా చేతికి వచ్చినా రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేసుకోనిదే వైద్యం చేయకూడదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఈ నిబంధన పెట్టింది. ఆపైన స్పెషలైజేషన్ కావాలంటే ఎంవీఎస్సీకి మరో రెండేళ్లు.

సీటు ఎక్కడ అడగాలి?

చాలామంది మనవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం కాబట్టి తిరుపతిలోనో హైదరాబాద్‌లోనో స్థానికులుగా సీటు దొరుకుతుందనుకుంటారు. రాష్ట్ర కోటాకు చూసేది మాట్లాడే భాషను కాదు, నివాసాన్ని, చదివిన చోటును. తరాలుగా స్థిరపడిన రాష్ట్రమే మనకు సొంత రాష్ట్రం, అక్కడే మన హక్కు బలంగా ఉంటుంది.

తమిళనాడులో ప్రవేశాలు చెన్నైలోని పశువైద్య విశ్వవిద్యాలయం చూస్తుంది. అక్కడి రాష్ట్ర సీట్లకు నీట్ అక్కరలేదు, ప్లస్ టూ మార్కులతోనే ర్యాంకు ఇస్తారు. ప్రభుత్వ బడుల్లో చదివిన వారికి 7.5 శాతం ప్రత్యేక కేటాయింపు ఉంది. కర్ణాటకలో బీదర్ కేంద్రంగా ఉన్న విశ్వవిద్యాలయం కిందే బెంగళూరు హెబ్బాళ కాలేజీ కూడా ఉంది, సీట్ల భర్తీ రాష్ట్ర పరీక్షల ప్రాధికార సంస్థ చేస్తుంది. మహారాష్ట్రలో నాగపూర్ కేంద్రంగా ఉన్న పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నీట్ ర్యాంకు చూస్తుంది. ఒడిశాలో భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పశువైద్య కాలేజీ ఉంది. యానాం పిల్లలకు పుదుచ్చేరిలోని రాజీవ్ గాంధీ పశువైద్య సంస్థ ఉంది, దాని సీట్లు సెంటాక్ ద్వారా భర్తీ అవుతాయి.

ఇవి కాక మండలి గుర్తింపు పొందిన కాలేజీల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా కింద నీట్ ర్యాంకుతో భర్తీ చేస్తారు. సొంత రాష్ట్రం దాటి తిరుపతిలోనో గన్నవరంలోనో చదవాలనుకుంటే దారి అదే. నియమాలు ఏటా కొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటన స్వయంగా చదవండి. పక్కింటివారి మాట మీద ఆధారపడవద్దు.

మన పూర్వులకు ఇన్ని దారులు లేవు. 1886లో బొంబాయిలో, 1903లో మద్రాసు వేపేరిలో కాలేజీలు మొదలయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు విద్యార్థులకు వేపేరీయే దిక్కు. తిరుపతి కాలేజీ 1955 నాటిది.

చదువులో కష్టం ఎక్కడ?

మనుషుల డాక్టరు ఒక్క శరీరం నేర్చుకుంటే చాలు. పశువైద్య విద్యార్థి ఆవు, గేదె, గొర్రె, మేక, గుర్రం, పంది, కుక్క, పిల్లి, కోడి అన్నీ నేర్చుకోవాలి. ఆవుకు పొట్టలో నాలుగు గదులు. గుర్రానికి పొట్ట ఒకటే, పిత్తాశయం అసలు ఉండదు, వాంతి చేసుకోలేదు. కోడికి ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు ఉంటాయి. చూడి కాలం ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు 310, మేకకు 150, పందికి 114, కుక్కకు 63. ఆరోగ్యంగా ఉన్న ఆవు ఒంటి వేడి 101.5 ఫారన్‌హీట్ దగ్గర ఉంటే, కోడికి 107 దాకా ఉండటం మామూలే.

మందులూ అంతే. మనం తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్ల, వాటి కళేబరాలు తిన్న రాబందులు దేశమంతటా చచ్చిపోయాయి. అందుకే 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. పాడి పశువుకు యాంటీబయాటిక్ వేస్తే కొన్ని రోజులు ఆ పాలు అమ్మకూడదు. ఈ లెక్కలన్నీ బుర్రలో ఉండాలి.

మొదటి ఏడాది అనాటమీ ల్యాబులో ఫార్మలిన్ వాసన చాలామంది పిల్లల్ని వెనక్కి నెడుతుంది. రెండో దెబ్బ ఇంగ్లిష్. తెలుగు, కన్నడ, ఒడియా మాధ్యమాల్లో చదివిన పిల్లలకు మొదటి ఆరు నెలలు చాలా బరువుగా గడుస్తాయి. ఆ సమయంలో ఇంటి నుంచి "నీకు చేతకాదు" అన్న మాట వెళ్లకూడదు. చదువు కుదురుకోవడానికి ఏడాది పడుతుందని పెద్దలు ముందే అనుకోవాలి.

కొలువులో మొదటి ఏళ్లు

2019 పశుగణన ప్రకారం దేశంలో 53.5 కోట్లకు పైగా పశుసంపద ఉంది. అందులో ఆవులు, ఎద్దులు 19 కోట్లు, గేదెలు దాదాపు 11 కోట్లు. అయిదు వేల పశువులకు ఒక డాక్టరు ఉండాలని 1976లోనే జాతీయ వ్యవసాయ కమిషన్ చెప్పింది. చాలా మండలాల్లో ఇప్పటికీ ఒక్క డాక్టరే ఎన్నో ఊళ్లు చూస్తారు.

పొద్దున వైద్యశాలలో ఉండాలి. ఆ తర్వాత గాలికుంటు టీకాలు, దూడలకు ఈసుడు రోగం టీకా, చెవులకు 12 అంకెల బిళ్లలు వేయడం, కృత్రిమ గర్భధారణ, బీమా పత్రాలు, పోస్టుమార్టం, పైవాళ్లకు నివేదికలు. వీటి మధ్య ఫోను మోగుతుంది: గేదె రాత్రి నుంచి ఈనలేకపోతోంది. వెళ్లి చూస్తే దూడ తల పక్కకు తిరిగి, ముందు కాలు వెనక్కి మడిచి ఉంటుంది. భుజం దాకా చేయి పెట్టి, నొప్పులు తీస్తున్న గేదెతో పెనుగులాడి, దూడను సరిచేసి లాగాలి. గంట పట్టవచ్చు, రెండు గంటలు పట్టవచ్చు. కొట్టంలో దీపం ఉండకపోవచ్చు. చాలా రాష్ట్రాల్లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ వాహనంలో దిగేది కూడా ఒక యువ డాక్టరే.

ప్రభుత్వ ఉద్యోగం ఒక్కటే దారి కాదు. డెయిరీ సహకార సంఘాలు, నామక్కల్ వంటి చోట్ల కోళ్ల పరిశ్రమ, మందుల కంపెనీలు, సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ విభాగం, జంతు ప్రదర్శనశాలలు, పట్టణాల్లో పెంపుడు జంతువుల క్లినిక్కులు ఉన్నాయి. అయితే సొంత క్లినిక్కుకు పెట్టుబడి కావాలి, పేరు రావడానికి కొన్నేళ్లు ఆగాలి.

ఒంటికి వచ్చే ముప్పు

తన్నులు, కొమ్ము పోట్లు, కాట్లు ఈ పనిలో ఉన్నవే. కంటికి కనబడని ముప్పు ఇంకా పెద్దది. పిచ్చి కుక్క కరిచిన ఆవు తిండి మింగలేక చొంగ కారుస్తుంటే, గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెట్టినవారు ఉన్నారు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే విద్యార్థులు ముందుగానే రేబీస్ టీకా వేయించుకోవాలి. ముందే వేయించుకున్నవారు ఆ తర్వాత కాటుకు గురైతే వెంటనే ఒకటి, మూడో రోజున ఒకటి, రెండు డోసులతో సరిపోతుంది. అయితే ఆ రెండూ తప్పనిసరి.

ఈడ్చుకుపోయిన పశువు మాయను చేతి తొడుగు లేకుండా తీస్తే ఈసుడు రోగం డాక్టరుకూ సోకుతుంది. నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. దొమ్మ రోగంతో చచ్చిందని అనుమానం ఉన్న పశువును కోయనే కూడదు. గాలి తగిలితే ఆ సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో దశాబ్దాలు ఉండిపోతుంది. ఇంట్లో పాడి ఉన్నవారంతా ఈ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. డాక్టరు తొడుగులు వేసుకునేది అసహ్యం వల్ల కాదు.

మనసు మీద భారం

పశువు విలువ కంటే వైద్యం ఖర్చు ఎక్కువైనప్పుడు రైతు చేతులెత్తేస్తాడు. ఏం చేయాలో తెలిసి కూడా డాక్టరు చేయలేకపోతాడు. బాగుపడదని తేలి నరకయాతన పడుతున్న జంతువుకు నొప్పి లేని చావు ఇవ్వవలసి వస్తుంది. పొద్దున ఒక ఇంట్లో ఆ పని చేసి, మధ్యాహ్నం మరో ఇంట్లో నవ్వుతూ దూడను చూడాలి. పాలు అమ్మవద్దంటే రైతు కోపగించుకుంటాడు, చెప్పకపోతే పిల్లలు తాగే పాలలో మందు మిగులుతుంది. పశువు చచ్చిపోతే నింద డాక్టరు మీదే పడుతుంది.

బ్రిటన్, అమెరికాల్లో జరిగిన అధ్యయనాల్లో పశువైద్యుల్లో ఆత్మహత్యలు మిగతా జనం కంటే ఎక్కువని తేలింది. ఈ మాట పిల్లల్ని భయపెట్టడానికి రాయడం లేదు. మన ఇళ్లలో "జంతువుల డాక్టరుకు దిగులేమిటి" అనడం మానాలని రాస్తున్నాం. నిద్ర పట్టకపోవడం, పని మీద విరక్తి, బతుకు మీద విసుగు కనబడితే ఊరుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416. అది ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మన పిల్లలకు ఉన్న బలం

ఇన్ని కష్టాల మధ్య మన పిల్లలకు ఒక బలం ఉంది, దాన్ని మనం తక్కువగా చూస్తున్నాం. పశువుకు నోరు లేదు. దాని తరఫున చెప్పేది దాన్ని మేపే మనిషే, చాలా ఇళ్లలో ఆడవాళ్లే. "నిన్నటి నుంచి నెమరు వేయట్లేదు", "ఎదకు వచ్చి మూడు వారాలైంది", "పేడ పలచగా వేస్తోంది", సగం రోగ నిర్ధారణ ఈ మాటల్లోనే ఉంటుంది. అవి అర్థం కాని డాక్టరు ఎంత చదివినా చీకట్లో తడుముకుంటాడు.

ఒకే జంతువును కోస్తాలో గేదె అంటారు, తెలంగాణలో బర్రె, రాయలసీమలో ఎనుము. కన్నడంలో అది ఎమ్మె, తమిళంలో ఎరుమై. మనం చూడి అనేదాన్ని కన్నడిగులు గబ్బ అంటారు, తమిళులు సినై, మరాఠీలు గాభణ్, ఒడియావారు గాభిణి. క్రిష్ణగిరిలో, కోలారులో, రాయచూరులో, గంజాంలో, నాందేడ్‌లో పుట్టిన మన పిల్లలకు ఈ మాటల్లో రెండు వరసలు పుట్టుకతోనే వస్తాయి. పశువైద్య కళాశాల నేర్పనిది ఇది. ఇంట్లో అమ్మమ్మ పశువుల గురించి వాడే ప్రతి మాటా వాళ్లకు పనిముట్టే.

అయితే మాట వస్తే చాలదు. ప్రభుత్వ కొలువుకు ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం కూడా రావాలి, భాషా పరీక్షలు ఉంటాయి. బడిలో రాష్ట్ర భాషను నిర్లక్ష్యం చేసి, ఇంట్లో తెలుగును వదిలేసిన పిల్లవాడికి రెండూ పోతాయి. రెండూ నిలబెట్టుకున్న పిల్లకు హద్దుకు అటూ ఇటూ ఉన్న పల్లెలన్నీ సొంత ఊళ్లే.

చేరే ముందు చేయవలసిన పని

సెలవుల్లో ఒక వారం దగ్గరలోని పశువైద్యశాలకు పంపండి. డాక్టరు గారి అనుమతి తీసుకుని, దూరంగా నిలబడి చూడనివ్వండి. పేడ, రక్తం, చీము, రైతు కోపం, దూడ లేచి నిలబడినప్పటి సంతోషం అన్నీ చూడాలి. కుక్కపిల్లలంటే ఇష్టం ఉంటే సరిపోదు, ఆ వారం తర్వాత కూడా వెళ్లాలనిపిస్తోందా అన్నది అడగండి. ఆడపిల్లలైతే "బరువు పని కదా" అని ఆపవద్దు. కష్టపు కాన్పులో బలం కంటే ఒడుపు ముఖ్యం. సన్నని చేయి చాలాసార్లు మేలు చేస్తుంది.

వారం చూశాక "వద్దు" అంటే ఐదున్నర ఏళ్లు మిగిలాయి అనుకోండి. "వెళ్తాను" అంటే ఇక ఆ "అయినా" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.