53 ఏళ్లు ఎదురుచూసిన దెయ్యం: 'రూజ్' సినిమా వెనక హాంకాంగ్ కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు, "అన్నా, పాప్ స్టార్లు నటించిన ఒక స్లో లవ్ స్టోరీ గురించి చెప్పు" అని. మీ మనసులో కొరియన్ డ్రామా ఉండుంటుంది. నేను మాత్రం మిమ్మల్ని ఇంకాస్త వెనక్కి, 1980ల హాంకాంగ్‌కి తీసుకెళ్తా. సినిమా పేరు 'రూజ్'. రూజ్ అంటే ఆడవాళ్లు బుగ్గలకి రాసుకునే ఎర్ర రంగు. ముందే చెప్తున్నా, క్లైమాక్స్‌తో సహా కథంతా చెప్పేస్తా. చూశాకే వింటాం అనుకునేవాళ్లు ఇక్కడ ఆపేయండి, ఏమీ అనుకోను.

ముందు ఆ ఇద్దరు స్టార్లు ఎవరో తెలియాలి. హీరోయిన్ అనితా మూయ్. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచే పొట్టకూటి కోసం స్టేజీల మీద పాడింది. 1982లో ఒక పాటల పోటీలో గెలిచి, రెండు మూడేళ్లలో హాంకాంగ్‌ని ఊపేసింది. ఆమెని 'ఆసియా మడోన్నా' అనేవాళ్లు. హీరో లెస్లీ చ్యూంగ్. 1977లో ఒక పాటల పోటీలో రెండో స్థానం, ఆ తర్వాత కొన్నేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1984లో 'మోనికా' అనే పాటతో ఒక్కసారిగా పైకి లేచాడు. ఇద్దరూ స్టేజీ ఎక్కితే జనం అరుపులకి పాట వినపడేది కాదు.

ఇంకో సర్‌ప్రైజ్: ఈ సినిమా నిర్మాత జాకీ చాన్. అవును, మనం తెలుగు డబ్బింగ్‌లో చూసిన ఆ జాకీ చానే! కానీ ఇందులో ఒక్క ఫైటూ లేదు. దర్శకుడు స్టాన్లీ క్వాన్, మూలకథ లిలియన్ లీ అనే రచయిత్రి నవల. హాంకాంగ్‌లో 1988 జనవరిలో రిలీజ్ అయింది. అంత స్పీడున్న ఇద్దరు పాప్ స్టార్లని పెట్టుకుని, డైరెక్టర్ వాళ్లని నిలబెట్టాడు, కూర్చోబెట్టాడు, ఒకరినొకరు చూసుకోమన్నాడు. అంతే.

కథ 1934లో మొదలవుతుంది. హాంకాంగ్‌లో షెక్ టాంగ్ సూయ్ అనే పేట ఉంది. ఆ రోజుల్లో అది భోగం వీధి. బ్రిటిష్ ప్రభుత్వమే లైసెన్సులిచ్చి నడవనిచ్చిన వ్యాపారం అది. డబ్బున్న బాబులు అక్కడికి విందులకీ పాటలకీ వచ్చేవాళ్లు. మన 'కన్యాశుల్కం'లో మధురవాణి గుర్తొస్తోంది కదా? ఆ ప్రపంచానికి దగ్గర ప్రపంచమే. మన హీరోయిన్ ఫ్లూర్ అక్కడ పేరున్న కళావంతురాలు. హీరో మందుల కొట్ల వ్యాపారం చేసే పెద్దింటి కొడుకు, అందరూ 'పన్నెండో చినబాబు' అంటారు. ప్రేమిస్తాడు. మన కుంకుమ భరిణెలా ఉండే ఒక చిన్న రూజ్ డబ్బీ ఆమెకి కానుకగా ఇస్తాడు. ఇంట్లో ఒప్పుకోరు. బయటికొచ్చి నాటకాల కంపెనీలో చిన్నాచితకా వేషాలు వేసినా బతుకు నిలబడదు. చివరికి ఇద్దరూ కలిసి నల్లమందు మింగుతారు.

ఇక్కడిదాకా మనకి తెలిసిన కథే. 1953 'దేవదాసు', 1978 'మరోచరిత్ర'. చావుతో ముగిస్తే ప్రేమకి సీల్ పడినట్టు అని మన సినిమాలు మనకి నేర్పాయి. కానీ 'రూజ్'కి ఇది ముగింపు కాదు, మొదలు.

53 ఏళ్ల తర్వాత, 1987లో, ఫ్లూర్ దెయ్యమై ఒక పేపర్ ఆఫీసుకి వస్తుంది. భయపెట్టడానికి కాదు, క్లాసిఫైడ్ ప్రకటన ఇవ్వడానికి! పైలోకంలో ఇన్నేళ్లూ చూసింది, అతను రాలేదు. అందుకే వెతుక్కుంటూ వచ్చింది. ఇద్దరి మధ్యా ఒక గుర్తు ఉంది: 3811. అంటే మార్చి 8, రాత్రి 11 గంటలు. ఆ ఆఫీసులో పనిచేసే కుర్రాడూ, అతని గర్ల్‌ఫ్రెండూ మొదట హడలిపోయి, తర్వాత జాలిపడి ఆమెకి సాయం చేస్తారు.

ఆమె తన పేటకి వెళ్లి చూసే సీన్లున్నాయి చూడండి, అక్కడే నా గుండె పట్టేసింది. తను నాటకాలు చూసిన థియేటర్ లేదు, షాపులున్నాయి. తను బతికిన మేడ లేదు. ఆ డబుల్ డెక్కర్ ట్రామ్ మాత్రం ఇంకా తిరుగుతోంది. హాంకాంగ్‌లో ట్రామ్ 1904 నుంచీ ఉంది. ఊరు మొత్తం మారిపోయినా ఆమెకి గుర్తుపట్టడానికి మిగిలింది అదొక్కటే.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. ఆ లైసెన్సు వ్యవస్థని బ్రిటిష్ వాళ్లు 1935లో ఎత్తేశారు. అంటే ఫ్లూర్ చనిపోయిన మరుసటి ఏడాదే ఆ పేట ఖాళీ అయిపోయింది. ఆ పద్ధతిలో ఎంతోమంది ఆడపిల్లల్ని అమ్మేశారు, కాబట్టి పోవాల్సిందే పోయింది. సినిమా దాన్ని తిరిగి కావాలని అడగదు. కానీ అక్కడ బతికిన మనుషుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు అని అడుగుతుంది.

ఆ ప్రశ్న 1988లో హాంకాంగ్ జనానికి ఎందుకు గుచ్చుకుంది? 1984 డిసెంబర్‌లో బ్రిటన్, చైనా ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. 1997 జూలై 1న హాంకాంగ్ చైనాకి వెళ్లిపోతుంది. అక్కడి జీవన పద్ధతి 50 ఏళ్లు మారదని మాట ఇచ్చారు. ఇప్పుడు సినిమా చూడండి: ఒక మాట నమ్మి 53 ఏళ్లు కూర్చున్న ఆడమనిషి. తారీఖు వేసి ఇచ్చిన మాట ఎంతవరకు నిలబడుతుంది? హాల్లో కూర్చున్నవాళ్లకి ఇది ప్రేమకథ ఒక్కటే ఎలా అవుతుంది చెప్పండి? అప్పటికే ఎన్నో కుటుంబాలు కెనడా, ఆస్ట్రేలియా దారి పట్టాయి. ఈ సినిమాని చాలామంది విమర్శకులు ఇలాగే చదివారు.

సరే, అతను ఎందుకు రాలేదు? రెండు నిజాలు బయటపడతాయి. ఒకటి, ఫ్లూర్ ఆ రాత్రి అతనికి తెలియకుండా మద్యంలో నిద్రమాత్రలు కలిపింది. అతను వెనక్కి తగ్గుతాడేమో అని ఆమెకే అనుమానం. రెండు, అతను బతికాడు. ఎవరో కాపాడారు. ఆస్తి తగలేశాడు, ముసలివాడయ్యాడు, ఇప్పుడు సినిమా స్టూడియోలో జూనియర్ ఆర్టిస్టు. ఆమె వెళ్లి ఒకసారి చూస్తుంది. తిట్టదు, ఏడవదు. ఆ రూజ్ డబ్బీ అతని చేతికి తిరిగి ఇచ్చేసి వెళ్లిపోతుంది. ఇక ఎదురుచూడదు.

ఆ కుర్ర జంట కూడా ఒకరినొకరు అడుగుతారు, "నా కోసం చచ్చిపోతావా?" అని. ఇద్దరి జవాబూ "లేదు" అనే. నాకు సినిమాలో అన్నిటికన్నా నచ్చిన ప్రేమ డైలాగ్ అదే. ఎందుకంటే అది నిజం. రీల్స్‌లో ఈ సినిమా ముక్కలకి శాడ్ మ్యూజిక్ పెట్టి 'ట్రూ లవ్' అని రాసేవాళ్లు ఈ సీన్ దాకా చూడలేదని నా అనుమానం. కలిసి చావడం ప్రేమకి రుజువు అనే మాటని ఈ సినిమా నెమ్మదిగా, పొరలు పొరలుగా విప్పేసింది. అందుకే దానికి అంత టైమ్ కావాలి. 1.5ఎక్స్‌లో చూస్తే కథ తెలుస్తుంది కానీ, ఎదురుచూపు బరువు తెలియదు.

అనితా మూయ్‌కి ఈ పాత్ర తైవాన్ గోల్డెన్ హార్స్ అవార్డు తెచ్చింది. 1989 హాంకాంగ్ ఫిల్మ్ అవార్డ్స్‌లో ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటి, మూడూ దీనికే.

చివరిగా 2003. ఒక పక్క సార్స్ జబ్బుతో ఊరంతా మాస్కుల్లో ఉంది. డిప్రెషన్‌తో పోరాడుతున్న లెస్లీ చ్యూంగ్ ఏప్రిల్ 1న ఆత్మహత్య చేసుకున్నాడు. 46 ఏళ్లు. అనితాకి క్యాన్సర్. నవంబర్‌లో 8 వీడ్కోలు కచేరీలు చేసింది, పెళ్లిగౌనులో స్టేజీ మీదకొచ్చింది. డిసెంబర్ 30న చనిపోయింది. 40 ఏళ్లే. దీన్ని సినిమా కథతో కలిపి 'విధి' అని థంబ్‌నెయిల్ పెట్టొచ్చు, వ్యూస్ వస్తాయి. నేను పెట్టను. అది జబ్బు, ఇదీ జబ్బే. మీలో ఎవరికైనా బతకాలని లేదు అనిపిస్తుంటే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

ఈ వీకెండ్ ఫోన్ పక్కన పెట్టి, గంటన్నర 'రూజ్' చూడండి. చూశాక మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక మాట అడగండి: మీ చిన్నప్పటి సినిమాహాలు ఉన్నచోట ఇప్పుడు ఏముంది? జవాబులు కింద రాయండి, అన్నీ చదువుతా. ఉంటా మరి.