ఒక్కరికి స్టేక్ భోజనం

మందంగా కోసిన మాంసపు ముక్కను, ముఖ్యంగా బీఫ్‌ను, పెద్ద సెగ మీద తక్కువసేపు కాల్చి వడ్డించే వంటకం స్టేక్. అమెరికా, అర్జెంటీనా, ఫ్రాన్స్, ఇటలీల్లో దీనికి ఎవరి పద్ధతి వారిది. న్యూయార్క్‌లోని డెల్మోనికోస్ హోటల్ 19వ శతాబ్దంలోనే స్టేక్‌కు పేరుపడింది. ఫ్లారెన్స్‌లో ఎముకతో ఉన్న పెద్ద ముక్కను బొగ్గుల మీద కాల్చి బల్ల దగ్గర పంచుకుంటారు. ఈ వ్యాసం అమెరికన్ ఇళ్లలో ఒక మనిషి తన ఒక్కడి కోసం వండుకునే స్టేక్ భోజనానికి సంబంధించినది. చదువుకో ఉద్యోగానికో వెళ్లి అక్కడ ఒంటరిగా ఉంటున్న తెలుగువాళ్లలో బీఫ్ తినేవారికి కూడా ఇది పనికొస్తుంది. ఈ భోజనం సమతులంగా ఉంటుందా లేదా అన్నది చాలావరకు కొట్లో ముక్క ఎంచుకునేటప్పుడే తేలిపోతుంది.

ఎంత మాంసం

స్టేక్ హోటళ్లలో ఒక్కరి ముందు 340 నుంచి 450 గ్రాముల ముక్క పెట్టడం మామూలే. అమెరికన్ పోషకాహార లెక్కల్లో ఒక వాటా అంటే వండిన మాంసం 85 గ్రాములు. పచ్చిగా తూస్తే సుమారు 115 గ్రాములు. అందులోనే దాదాపు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలంటుంది. ఆ లెక్కన 60 కిలోల మనిషికి కావలసిన 50 గ్రాముల్లో సగం ఈ చిన్న ముక్కతోనే తీరిపోతుంది. ఇనుము, జింకు, బి12 విటమిన్ కూడా దండిగా దొరుకుతాయి. పీచు మాత్రం అసలు ఉండదు, సి విటమిన్ లేనట్టే. వాటిని పక్కన పెట్టుకునే కూరగాయలే ఇవ్వాలి.

మితం పాటించడానికి ఇంకో కారణమూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఎర్ర మాంసాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో చేర్చింది. వారానికి వండిన ఎర్ర మాంసం 350 నుంచి 500 గ్రాములు మించకూడదని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా. హోటల్ ముక్క ఒక్కటి తింటే ఆ వారం కోటాలో పెద్ద భాగం ఒక్క పూటలోనే చెల్లిపోతుంది.

ముక్క ఎంపిక

మాంసం తగ్గించాలనుకున్నవాళ్లు చాలామంది పలచటి ముక్క కొంటారు. అక్కడే వంట చెడుతుంది. సెంటీమీటరు మందం ఉన్న ముక్క పైన ఎర్రబడేలోపే లోపలంతా ఉడికి బిరుసెక్కుతుంది. మందం 3, 4 సెంటీమీటర్లు ఉండాలి, వైశాల్యం తగ్గాలి. 350 గ్రాముల స్ట్రిప్ లేదా టాప్ సర్లాయిన్ ముక్కను పైనుంచి కిందికి కోసి మూడు దిమ్మలు చేస్తే మందం అలాగే ఉంటుంది, మూడు పూటలకు వస్తుంది. రిబ్‌ఐలో కొవ్వు ఎక్కువ, అందుకే రుచీ ఎక్కువ. టెండర్‌లాయిన్ మెత్తన, ఖరీదు. మామూలు రోజుల్లో ఒక్కరి వంటకు సర్లాయినే మేలు. దానిలో కొవ్వు తక్కువ, ధరా అందుబాటులో ఉంటుంది.

వండే వరుస

పొయ్యి మీదికి మాంసం అన్నిటికన్నా చివర వెళ్లాలి. కనీసం 40 నిమిషాల ముందు ముక్కకు ఉప్పు పట్టించాలి. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది, ఆ ఉప్పునీటినే మాంసం మళ్లీ పీల్చుకుంటుంది. అంత వ్యవధి లేకపోతే పెనం మీద వేసే ముందే చల్లడం మంచిది. ఈలోగా బంగాళాదుంపను ఓవెన్‌లో పెట్టాలి. 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది గంటసేపు తీసుకుంటుంది. తొందరుంటే ఫోర్కుతో పొడిచి మైక్రోవేవ్‌లో పెడితే కొద్ది నిమిషాల్లో అవుతుంది. బీన్స్‌ను మరిగే ఉప్పునీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి వార్చి పెట్టుకోవాలి.

ముక్క తడిని బాగా అద్దేయడం తప్పనిసరి. తడి ఉన్నంతసేపు పెనం వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మాంసం ఎర్రబడి కమ్మటి వాసన రావడానికి కారణమైన రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ వివరించాడు. అది చురుగ్గా సాగాలంటే ఉపరితలం సుమారు 140 డిగ్రీలు దాటాలి. బరువైన ఇనప పెనం సన్నగా పొగ వచ్చేదాకా కాగాక, చెంచాడు నూనె వేసి ముక్క పెట్టాలి. నిమిషానికోసారి పటకారుతో తిప్పుతుంటే రెండు వైపులా సమంగా ఉడుకుతుంది. పెద్ద సెగ తగిలితే పైపొర మూసుకుపోయి రసం లోపలే నిలుస్తుందని 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చెప్పాడు. అది నిజం కాదని తర్వాత తేలింది. పెద్ద సెగ ఇచ్చేది రుచిని. వెన్న, వెల్లుల్లి త్వరగా మాడతాయి కాబట్టి ఆఖరి నిమిషంలోనే వేయాలి.

ఉడికిందో లేదో తెలియడానికి నమ్మదగినది థర్మామీటరే. దాన్ని ముక్క పక్కనుంచి మధ్యలోకి గుచ్చాలి. మీడియం రేర్‌కు 54 నుంచి 57 డిగ్రీలు. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం 63 డిగ్రీల దాకా వండి మూడు నిమిషాలు ఆగమంటుంది. గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఈ మాటనే పాటించాలి. దించాక కూడా లోపలి వేడి రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది గనుక కాస్త ముందే తీయాలి. కోసినప్పుడు కారే ఎర్రటి రసం రక్తం కాదు, కండలోని మయోగ్లోబిన్ కలిసిన నీరు.

ముక్కను ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ ఐదు నిమిషాల్లోనే కూర తయారవుతుంది. పెనంలో మిగిలిన కొవ్వు వంపేసి, రెండు చెంచాల నీళ్లు పోస్తే బుస్సుమంటుంది. అడుగున అంటుకున్న గోధుమరంగు మడ్డిని చెక్క గరిటెతో గీకి, అందులో వార్చిన బీన్స్ వేసి తిప్పి, నిమ్మరసం పిండాలి. ఉప్పు చూసి వేయాలి, ఆ మడ్డిలో అప్పటికే ఉప్పుంటుంది.

పళ్లెంలో

అమెరికా ప్రభుత్వం 2011లో తెచ్చిన మైప్లేట్ బొమ్మలో సగం పళ్లెం కూరగాయలు, పండ్లు. మిగతా సగంలో ధాన్యం, ప్రొటీన్ ఉంటాయి. స్టేక్ భోజనానికి అన్వయిస్తే సగం బీన్స్, సలాడ్, ఒక పావు తొక్కతో కాల్చిన దుంప, ఒక పావు మాంసం. దుంప మీద వెన్న, చీజ్ గుమ్మరిస్తే ఈ లెక్కంతా తప్పుతుంది. పెరుగు, మిరియాల పొడి చాలు. కూరగాయల్లోని ఇనుము మామూలుగా ఒంటికి సరిగా పట్టదు. మాంసంతో, నిమ్మరసంతో కలిపి తింటే ఎక్కువ పడుతుంది. మాంసాన్ని పీచుకు అడ్డంగా పలచగా కోసి పరిస్తే చిన్న ముక్కే నిండుగా ఉంటుంది, నమలడమూ తేలిక.

భారతదేశంలో బీఫ్ పేరుతో అమ్మేది ఎక్కువగా గేదె మాంసం. అందులో కొవ్వు తక్కువ కాబట్టి ఎక్కువసేపు కాలిస్తే త్వరగా బిరుసెక్కుతుంది. బీఫ్ తినని ఇళ్లలో లేత గొర్రె తొడనుంచి కోసిన మందపాటి ముక్కను ఇదే పద్ధతిలో వండుకోవచ్చు.

మిగిలిన పచ్చి దిమ్మలను గాలి చొరకుండా విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. వండే ముందురోజు రాత్రి ఒక దిమ్మను ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకుంటే మర్నాటికి కరిగి సిద్ధంగా ఉంటుంది. వండినది మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.