మత్తు తుపాకి: దెబ్బ మెత్తగా తగలాలి

చిరుత ఊరిలోకి వచ్చిందని తెలిసిన వెంటనే జనం అడిగే మొదటి మాట ఒక్కటే: మత్తు సూది ఇంకా ఎందుకు వేయలేదు? తుపాకి చేతిలో ఉండి కూడా అటవీ సిబ్బంది గంటల తరబడి వేచి ఉండడం చూసేవారికి అలసత్వంగా తోస్తుంది. రంగారెడ్డి జిల్లా షాద్‌నగర్‌లో 2020 జనవరిలో ఇంటి మేడపైకి చేరిన చిరుతనూ, సంగారెడ్డి జిల్లాలో 2022 డిసెంబరులో ఒక పరిశ్రమలోకి ప్రవేశించిన చిరుతనూ మత్తు ఇచ్చే పట్టుకున్నారు. 2020 మే నెలలో హైదరాబాద్ శివారు కాటేదాన్ వద్ద రహదారిపై కనిపించిన చిరుత మాత్రం పట్టుకునేలోపే తప్పించుకుపోయింది. ఈ ఆయుధం పనితీరు తెలిస్తే ఆ నిరీక్షణకు కారణం అర్థమవుతుంది.

గురి నేర్చుకునేవారు వాడే మామూలు ఎయిర్‌గన్‌లో బలమైన స్ప్రింగు ఉంటుంది. గొట్టాన్ని వంచినప్పుడు ఆ స్ప్రింగు నొక్కుకుని కొక్కేనికి తగులుకుంటుంది. మీట నొక్కితే స్ప్రింగు విడివడి, పిస్టన్‌ను ముందుకు నెడుతుంది. సిలిండరులోని కొద్దిపాటి గాలి రెప్పపాటులో కుదించుకుపోయి సీసపు గుండును బయటకు తోస్తుంది. గుండు బరువు సుమారు అర గ్రాము మాత్రమే కనుక ఆ క్షణకాలపు తోపుడు దానికి సరిపోతుంది.

మందు నింపిన సూది బాణం అంత తేలికైనది కాదు. దానికి హఠాత్తుగా తగిలే గాలి దెబ్బ పనికిరాదు, గొట్టం పొడవునా నిలకడగా తోసే గాలి కావాలి. అందువల్ల మత్తు తుపాకులలో అధికభాగం కార్బన్ డయాక్సైడు వాయువుతోగాని, ముందుగా నింపిన గాలితోగాని పనిచేస్తాయి. కొన్నింటిలో చిన్న తూటా మందును వాడతారు. వాయువుతో పనిచేసే రకాలలో ఒత్తిడిని చూపే గడియారం వంటి మీటరు ఉంటుంది. జంతువు ఎంత దూరంలో ఉన్నదీ చూసి, దానికి తగినట్లు ఒత్తిడిని సరిచేసుకున్న తరువాతే గురిపెడతారు.

అసలు మెలకువ ఇక్కడే ఉంది. అర గ్రాము గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 10 జౌళ్లు. పది గ్రాముల సూది బాణం సెకనుకు 60 మీటర్లు వెళ్లినా 18 జౌళ్లు అవుతుంది. ఒత్తిడి కాస్త పెరిగితే బాణం కండరాన్ని చీల్చుకుని ఎముకను విరగగొడుతుంది, తగ్గితే దారిలోనే రాలిపోతుంది. అందుకే భుజం, తొడ వంటి దళసరి కండరాలు కనిపించేవరకు ఆగుతారు. ముఖం, ఛాతీ, పొట్ట పనికిరావు. పొద చాటున కదులుతున్న చిరుతకు గురిపెట్టడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

బాణం నిజానికి ఎగిరే సిరంజి. ముందు అరలో మందు, వెనుక అరలో కుదించిన గాలి ఉంటాయి. సూది పక్కనున్న రంధ్రాన్ని రబ్బరు తొడుగు మూసి ఉంచుతుంది. చర్మంలోకి దిగగానే తొడుగు వెనక్కి జరిగి, గాలి మందును లోపలికి తోస్తుంది. తోకనున్న రంగు కుచ్చు బాణాన్ని తిన్నగా నడిపిస్తుంది, కింద పడితే వెదకడానికీ పనికివస్తుంది. న్యూజిలాండ్‌కు చెందిన పశువైద్యుడు కాలిన్ మర్డాక్, అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1950ల నుంచి ఈ పరికరాలకు రూపమిచ్చిన వారిలో ముఖ్యులు.

మన దేశంలో చిరుతలకు ఎక్కువగా జైలజిన్, కెటమిన్ మందులను కలిపి ఇస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఆ బరువును కంటితోనే అంచనా వేయాలి. సూది తగిలిన వెంటనే జంతువు కూలిపోతుందన్నది సినిమాల మాట. మందు పనిచేయడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో అది ఎటైనా పరుగెత్తవచ్చు, ఎదురుపడినవారిపై పడవచ్చు. కేకలు, రాళ్లు, సెల్‌ఫోన్లతో వెంటపడే జనం దాన్ని మరింత బెదరగొడతారు. బెదిరిన జంతువుపై మత్తు సరిగా పనిచేయదు, రెండో సూది ప్రాణం మీదికి తెస్తుంది. జనాన్ని దూరం పంపితేగాని సూది వేయమని పశువైద్యులు పట్టుబట్టడం ఇందుకే. అది సమంజసమే.

స్ప్రింగు ఎయిర్‌గన్‌కు మార్పులు చేసి బాణాలు వదిలేలా ఇంట్లోనే తయారు చేయాలన్న ఉత్సాహం కొందరు యువకులలో కనిపిస్తుంది. ఒత్తిడికి తట్టుకోలేని గొట్టం పగిలినా, కొక్కెం జారినా మొదట గాయపడేది చేసినవారే. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధం తయారు చేయడం నేరం. చిరుత వంటి షెడ్యూల్-1 జంతువును బంధించాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అటవీ శాఖ ఉన్నతాధికారుల అనుమతి తప్పనిసరి. కెటమిన్ కూడా చట్టపరమైన నియంత్రణలో ఉన్న మందే.

జంతువు పడిపోయాక పని ముగియదు. కెటమిన్ ప్రభావంతో కళ్లు తెరుచుకునే ఉంటాయి కనుక మందు రాసి గుడ్డ కప్పుతారు. మన ఎండలలో ఒంటి వేడి త్వరగా పెరుగుతుంది కనుక నీళ్లతో తడుపుతారు, శ్వాసను గమనిస్తూ ఉంటారు. బోనులో చేర్చాక జైలజిన్‌కు విరుగుడుగా యోహింబిన్ వంటి మందు ఇస్తారు. కెటమిన్‌కు విరుగుడు లేదు. అది దానంతటదే దిగే వరకు బోను పక్కన ఎవరో ఒకరు కాపలా ఉండవలసిందే.