గ్రాంటు ఎవరి చేతిలో? – పట్టణ సమాజ నిధుల చరిత్ర

అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ మీదుగా 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన మార్గం తెరుచుకుంది. రైల్వే ఉద్యోగాలతో ఈ ఊరికి చేరి స్థిరపడినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఈ ఊళ్లోని కుదుదండ్‌లో పదిమంది మహిళలు ఒక పొదుపు సంఘం పెట్టుకున్నారని అనుకుందాం. కుట్టుమిషన్ల కోసం గ్రాంటు కోరుతూ దరఖాస్తు పెట్టారు. నెలలు గడిచినా "ఫైలు నడుస్తోంది" అనే మాట తప్ప జవాబు లేదు. ఈలోగా చేసిన అప్పుకు వడ్డీ పెరుగుతోంది. ఇందులో లోపం ఎక్కడుంది? డబ్బు లేకపోవడమే కారణమా? చరిత్రను పరిశీలిస్తే ఇంకో జవాబు కనిపిస్తుంది.

మన దేశంలో గ్రాంటుకు నియమాలు ఏర్పడటంలో 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ ఒక ముఖ్యమైన మెట్టు. స్థానికులు నడిపే పాఠశాలలకు ప్రభుత్వం సహాయం చేయవచ్చని అది చెప్పింది. అయితే పాఠశాలకు సరైన స్థానిక యాజమాన్యం ఉండాలి, ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకోవాలి, పిల్లల నుంచి కొంతైనా రుసుము తీసుకోవాలి. సహాయం చేసేటప్పుడు మతభేదం చూపరాదు. అంటే గ్రాంటు దొరవారి దయ కాదు, షరతులు తీర్చినవారికి అందే సహాయం. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి. ఆచరణలో మాత్రం షరతులు రాసేదీ, తీరాయో లేదో తేల్చేదీ ప్రభుత్వమే. అడిగేవాడు గుమ్మం బయటే నిలబడ్డాడు.

ఆ గుమ్మం దాటించే ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాద్‌లో జరిగింది. 1967లో అక్కడ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం మొదలైంది. బస్తీవాసులే తమ అవసరాన్ని గుర్తించాలి, తమ వంతు శ్రమనో డబ్బునో కలపాలి, మిగిలినదానికి ప్రభుత్వం తోడ్పడాలి. పథకం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

1997 డిసెంబరు 1న దేశమంతటా స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన వచ్చింది. బస్తీ మహిళల సంఘాలు, వాటిపై కమిటీలు, అన్నిటికీ పైన పట్టణ స్థాయి సమాజాభివృద్ధి సంఘం ఏర్పడ్డాయి. పొదుపు సంఘానికి సభ్యురాలికి వెయ్యి రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల రివాల్వింగ్ ఫండ్ ఇచ్చేవారు. కనీసం పదిమంది మహిళలు కలిసి ఉపాధి యూనిట్ పెడితే ఖర్చులో సగం, 1,25,000 రూపాయలకు మించకుండా, సబ్సిడీగా లభించేది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దీని స్థానంలోకి వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు గమనించండి. సంఘాలు చాలా ఉంటాయి, నిధి పరిమితంగా ఉంటుంది. ముందు ఎవరికి ఇవ్వాలి? కొలత లేనిచోట సిఫారసు గెలుస్తుంది. 2000లో బ్రిటన్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మొదలైన పేదల సేవల పథకం ఈ చిక్కును విప్పడానికి ప్రయత్నించింది. పేదరికం ఎంత, మౌలిక వసతుల లోటు ఎంత అనే రెండు కొలతలతో బస్తీల వరుసను నిర్ణయించారు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989 నుంచే పౌరుల సభల్లో పనుల ప్రాధాన్యాన్ని తేల్చింది. వరుస ముందే తెలిస్తే, వెనుక ఉన్నవారు కూడా తమ వంతు వస్తుందని నమ్ముతారు.

చివరి మెట్టు లెక్క. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, సబ్సిడీ పథకాల అమలు తీరును, కేటాయింపులను, లబ్ధిదారుల వివరాలను ప్రభుత్వ సంస్థలు అడగకముందే ప్రకటించాలి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో బిలాస్‌పూర్ ఆ సంఖ్యను దాటింది.

ఇప్పుడు మళ్లీ ఆ పదిమంది మహిళల దగ్గరికి వద్దాం. షరతులు 1854 నుంచీ ఉన్నాయి. సంఘం, కొలత, లెక్క తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి కాగితానికే పరిమితమవుతాయి. వారికి కావలసినవి పెద్ద సంస్కరణలేమీ కావు. దరఖాస్తుకు తేదీ వేసిన రసీదు, జవాబుకు గడువు, వార్డులో అందరికీ కనిపించే వరుస జాబితా, కాదంటే కారణం రాతపూర్వకంగా. హిందీ ఫారం చదవలేని తల్లికి దాన్ని చదివి వినిపించే మనిషి కూడా కావాలి. రెండో సంవత్సరం గ్రాంటు ఇచ్చేముందు మొదటి సంవత్సరం లెక్కను బస్తీ సభలో పైకి చదవాలి.

"ఫైలు నడుస్తోంది" అన్నప్పుడు అది ఏ బల్ల మీద ఉంది, ఎన్నాళ్లుగా ఉంది అని అడిగే వీలు వారికి ఉండాలి. మీ వార్డులో నిరుడు ఏ సంఘానికి ఎంత గ్రాంటు అందిందో మీరు చెప్పగలరా? చెప్పలేకపోతే, ఈ పాఠంలో మిగిలిన భాగం మీ వార్డు కార్యాలయంలో ఉంది. వెళ్లి అడగండి.