తుపాను సమాచారం – సి భాషలో మెమొరీ అమరిక సమస్య: దిగువ కృష్ణా డెల్టా నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక ప్రాసెసర్‌పై సక్రమంగా నడిచిన సి ప్రోగ్రాము మరొక ప్రాసెసర్‌పై ఆగిపోవడానికి, లేదా తప్పు విలువ ఇవ్వడానికి మెమొరీ అమరిక ఒక ముఖ్య కారణం. ఈ సమస్య చరిత్రను వాతావరణ సమాచార మార్పిడి నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సందేశం రూపాన్ని యంత్ర మెమొరీ రూపం నుండి వేరు చేయడమే దీనికి స్థిరమైన పరిష్కారమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మెమొరీ అమరిక, సి భాష, ప్రాసెసర్, గ్రిబ్, తుపాను, మచిలీపట్నం, దివిసీమ.

1. ఉపోద్ఘాతం:
1864 నవంబరు 1న బందరును ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన పదివేల మంది ప్రాణాలను బలిగొన్నది. నాటి నష్టాన్ని కంప్యూటర్లకు ఆపాదించడం సరికాదు. అయితే తరువాతి దశాబ్దాలలో తుపాను గమనాన్ని అంచనా వేసే పని క్రమంగా కంప్యూటర్లపై ఆధారపడింది. 2004లో మచిలీపట్నంలో డాప్లర్ వాతావరణ రాడార్ ఏర్పాటైంది. గుడివాడ రైతు వరికోత ఆపాలా, నాగాయలంక మత్స్యకారుడు వేటకు వెళ్ళాలా అనే నిర్ణయం వెనుక నేడు అనేక యంత్రాల గుండా ప్రయాణించిన అంకెలు ఉంటాయి. ఆ అంకెలకు ప్రతి యంత్రంలోనూ ఒకే అర్థం ఉండాలి.

2. సమస్య స్వరూపం:
4 బైట్ల పూర్ణాంకం మెమొరీలో 4తో నిశ్శేషంగా భాగింపబడే చిరునామా వద్ద మొదలైతే అది అమరిక కలిగినదవుతుంది. ఈ నియమం తప్పినప్పుడు ప్రాసెసర్లన్నీ ఒకే విధంగా స్పందించవు. 1964 నాటి ఐబిఎం సిస్టమ్/360 ప్రోగ్రామును ఆపివేసేది. 1970 నాటి సిస్టమ్/370 ఈ నిబంధనను చాలావరకు సడలించింది. ఇంటెల్ 8086 అమరిక లేని చదువును అనుమతించింది. స్పార్క్ ప్రాసెసర్‌పై అదే పని 'బస్ ఎర్రర్'తో ముగిసేది. పాత ఆర్మ్ ప్రాసెసర్లు బైట్లు చక్రీయంగా స్థానం మారిన విలువను ఏ హెచ్చరికా లేకుండా అందించేవి. వీటిలో చివరిదే అత్యంత ప్రమాదకరం. ఆగిన ప్రోగ్రాము తన లోపాన్ని తానే చాటుతుంది, తప్పు అంకె ఒప్పు అంకెలాగే కనిపిస్తుంది.

3. సి భాష వలస:
దివిసీమ ఉప్పెన సంభవించిన 1977లోనే బెల్ ప్రయోగశాలల్లో స్టీఫెన్ జాన్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్‌ను 16 బిట్ల పిడిపి-11 నుండి 32 బిట్ల ఇంటర్‌డేటా 8/32కు తరలించే కృషి చేశారు. పదం పొడవు, బైట్ల వరుస, అమరిక నియమం యంత్రాన్ని బట్టి మారతాయని వారు 1978లో ప్రచురించిన పరిశోధనా పత్రం వివరించింది. సి భాషలో 1 బైటు అక్షరం తరువాత 4 బైట్ల పూర్ణాంకం గల స్ట్రక్చర్ పరిమాణం 5 కాక, సాధారణంగా 8 బైట్లు అవుతుంది. మిగిలిన 3 బైట్లు కంపైలర్ చేర్చే ఖాళీలు. ఆ స్ట్రక్చర్‌ను యథాతథంగా ఫైలులో రాస్తే ఒక యంత్రపు అలవాటు ఫైలులోకి చేరుతుంది. అమరిక లేని చిరునామాను పూర్ణాంక పాయింటర్‌గా మార్చి చదవడం వల్ల కలిగే ఫలితానికి 1989 నాటి సి ప్రమాణం ఏ హామీ ఇవ్వలేదు.

4. వాతావరణ సందేశం – యంత్ర వైవిధ్యం:
భారతదేశంలో 1980ల చివర మధ్యశ్రేణి వాతావరణ అంచనా కేంద్రం 64 బిట్ల పదాలతో పనిచేసే క్రే ఎక్స్-ఎంపిని వినియోగించింది. 1991లో సీడాక్ రూపొందించిన పరమ్ 8000లో ట్రాన్స్‌ప్యూటర్లు ఉండేవి. ఆపై వచ్చిన పరమ్ 9000 స్పార్క్‌ను స్వీకరించింది. ఇంతటి వైవిధ్యంలో ఏ ఒక్క యంత్రపు మెమొరీ రూపమూ ఉమ్మడి భాష కాజాలదు.

ప్రపంచ వాతావరణ సంస్థ 1985లో ఆమోదించిన గ్రిబ్ రూపం ఈ చిక్కును గుర్తించింది. అందులో సందేశం 8 బిట్ల ఆక్టెట్ల వరుస. అధిక విలువ గల ఆక్టెట్ ముందు వస్తుంది. తొలి కూర్పులలో విభాగాల పొడవును 3 ఆక్టెట్లలో రాస్తారు. కనుక తరువాతి విలువలు 4 బైట్ల హద్దుపై పడతాయన్న నమ్మకం లేదు. వాతావరణ నమూనాలు ప్రధానంగా ఫోర్ట్రాన్‌లో ఉన్నా, ఈ సందేశాలను విప్పే పనికి సి భాష విస్తృతంగా ఉపయోగపడింది. సి లో రాసిన డబ్ల్యుగ్రిబ్ ప్రోగ్రాము 3 ఆక్టెట్ల పొడవును చదివేటప్పుడు మొదటిదాన్ని 16 బిట్లు, రెండవదాన్ని 8 బిట్లు ఎడమకు జరిపి, మూడవదానితో కలుపుతుంది. ఈ లెక్కకు అమరికతో గాని, యంత్రపు బైట్ల వరుసతో గాని పని లేదు.

5. ముగింపు:
ఈ చరిత్రలో సహనశీల ప్రాసెసర్ సమస్యను పరిష్కరించలేదు, కప్పిపుచ్చింది. ఇంటెల్ తరహా యంత్రాలపై ఏళ్ళ తరబడి నడిచిన ప్రోగ్రాము సైతం, కంపైలర్ అమరికను నమ్మి వెక్టార్ ఆదేశాలను వాడిన రోజున కూలిపోవచ్చు. బైట్లను విడివిడిగా కూర్చడం, లేదా మెమ్‌కాపీ ద్వారా సరైన చరరాశిలోకి నకలు చేయడం, స్ట్రక్చర్‌ను నేరుగా ఫైలులో రాయకపోవడం – ఈ మూడు పద్ధతులు ఏ యంత్రంపైనైనా నిలుస్తాయి. తీరానికి చేరే హెచ్చరిక విషయంలో ఆగిన ప్రోగ్రామును సరిదిద్దే వ్యవధి కొంతైనా ఉంటుంది. తప్పు విలువను గుర్తించే వ్యవధి దివిసీమ వంటి లోతట్టు సీమకు ఉండదు.